వెండి మూత వాల్రస్ దంతం

వెదురు లోడు లారీ భద్రాచలం వంతెన మధ్యలో దస్రు సైకిలును దాటింది. దాటకముందు దస్రు సైకిలు మీద ఉన్నాడు. దాటాక రోడ్డు మీద ఉన్నాడు.

సారపాక వైపు చివర సోడా బండి దగ్గర నిలబడ్డ మార్కుకు తుపాకి చప్పుడు వినిపించలేదు. లారీ కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి పోవడం మాత్రం కనిపించింది. ఆ చేతిలో ఉన్నది సైలెన్సర్ బిగించిన పిస్టల్ అని అర్థమయ్యేసరికి లారీ అతని పక్కనుంచే వంతెన దిగి సారపాకలోకి వెళ్ళిపోయింది. నంబరు ప్లేటు మీద ఎర్రమట్టి పూసి ఉంది.

మార్కు పరుగెత్తాడు. 1988 మే నెల. వంతెన కింద గోదావరి ఇసుకలో పాయలు పాయలుగా చీలి ఉంది. దస్రు రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని వెల్లకిలా పడి ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు వస్తోంది. మోచేతులదాకా ఏదో తెల్లటి పొడి అంటి ఉంది.

"అన్నా," అన్నాడు దస్రు. "దుమ్ముగూడెం లాంచి ఎప్పుడు?"

అది కోడ్. ముందు కోడ్, తర్వాతే కబురు, ప్రాణం మీదికి వచ్చినా సరే. అతనికి ఆ పద్ధతి నేర్పింది మార్కే.

"నీళ్ళు లేవు తమ్మీ. నడిచి పోవాలె," అన్నాడు మార్కు.

అప్పుడు దస్రు కబురు చెప్పాడు. "సామిల్లు. దుమ్ముగూడెం రోడ్డు. ఎనక షెడ్డు. గోపాలు గాడు..." మిగతాది నోట్లోంచి నెత్తురుగా వచ్చింది. మాటగా రాలేదు.

మార్కు అతని కళ్ళు మూశాడు. సైకిలు హ్యాండిల్‌కు కట్టిన, బీడీలు చుట్టే తునికాకు శాంపిల్ కట్ట విడిపోయి, ఆకులు ఒక్కొక్కటే గాలికి లేచి వంతెన మీంచి కిందికి పోతున్నాయి. లోకానికి దస్రు ఆకు కాంట్రాక్టరు దగ్గర గుమస్తా. మార్కూ అంతే. దస్రు తల్లికి కూడా అంతవరకే తెలుసు.

*

భద్రాచలంలో ఒక లాడ్జి. మేడమీద గది తలుపుకు "ఎరువుల డీలర్ల సమావేశం" అని అట్టముక్క వేలాడుతోంది. లోపల డీలర్లు ఎవరూ లేరు. చీఫ్ బసవపున్నయ్య ఒక్కడే బల్ల ముందు కూర్చున్నాడు. మధిర మనిషి. ఖమ్మంలో ఆయనకు నిజంగానే ఎరువుల కొట్టు ఉంది. ఆ కొట్టు వెనక గదిలోంచి ఈ సరిహద్దు అడవులన్నిటి గూఢచారి పని నడుస్తుంది.

"దస్రు శవాన్ని ఆసుపత్రికి చేర్పించాను. యాక్సిడెంటు అని చెప్పించాను," అన్నాడు చీఫ్.

"యాక్సిడెంటు కాదు సార్."

"నాకు తెలుసు మార్కూ. కూర్చో."

మార్కు కూర్చోలేదు. చీఫ్ బల్ల మీద ఒక ఫొటో పెట్టాడు. బట్టతల, లావు అద్దాలు, అరవై ఏళ్ళ మనిషి.

"డాక్టర్ వెంకటనారాయణ. వేంసూరు రైతుబిడ్డ. రాకెట్ ముక్కు ఎంత వేడికైనా కరగకుండా ఉండే లోహాన్ని తయారుచేశాడు. ఆ ఫార్ములా సగం ఫైళ్ళలో ఉంది. మిగతా సగం ఆయన బుర్రలో ఉంది. సెలవు ముగిశాక రాసిస్తానన్నాడు. అది రాయకముందే ఆయన్ని చంపాలని ఒక విదేశీ గూఢచారి రింగు చూస్తోంది. ఇవాళే, దుమ్ముగూడెం ఆనకట్ట బంగళాలో. ఎలా చంపుతారన్నదే మనకు తెలియాలి."

రెండో ఫొటో పెట్టాడు. జానెడున్నర పొడవు, పాలమీగడ రంగు, కొద్దిగా వంపు.

"ఏంది సార్ ఇది? ఏనుగు దంతమా?"

"వాల్రస్. మంచు సముద్రాల్లో ఉండే జంతువు. పై దవడ నుంచి రెండు కోరలు ఇలా కిందికి దిగుతాయి. ఇది నూట యాభై ఏళ్ళనాటిది. తిమింగలాల వేటకు పోయిన నావికుడెవడో పొద్దుపోక దాని మీద సూదితో ఓడబొమ్మ చెక్కాడు. మొదలు దగ్గర ఆ మెరిసేది వెండి మూత. డాక్టరుగారికి ఇలాంటివంటే పిచ్చి. ఇల్లంతా సొరచేప దవడలు, అడవిపంది కోరలు. పెళ్ళి చేసుకోలేదు. పళ్ళతోనే సంసారం."

"ఇస్తున్నది ఎవరు?"

"హాల్‌బర్గ్ అని, పరదేశం మ్యూజియంలో క్యూరేటరు. ఆ ఉద్యోగం నిజమే. ముప్పై ఏళ్ళ సర్వీసు. వాకబు చేశాం. డాక్టరుగారికి కలం స్నేహితుడు. ఇవాళ బంగళాకు వచ్చి ఈ దంతం బహుమతిగా ఇస్తాడు. ఈ దంతాన్ని హైదరాబాదులో బేరం చేసి అతనికి ఇప్పించింది మన ప్రమీలారాణి."

ఆ పేరు వినగానే వచ్చినట్టు తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, తర్వాత చిలకాకుపచ్చ షిఫాన్ చీర, ఆ తర్వాత నల్లకళ్ళద్దాలు లోపలికి వచ్చాయి. ప్రమీలారాణికి అబిడ్స్‌లో పురాతన వస్తువుల షాపుంది. రింగు ఆమెను తమ మనిషి అనుకుంటుంది. డిపార్ట్‌మెంట్ తమ మనిషి అనుకుంటుంది. ఆమె ఎవరి మనిషో ఆమెను అడిగినవాళ్ళు లేరు.

"పక్కా ఖబర్ తెచ్చిన సార్," అంది కుర్చీ లాక్కుని. "షూటర్ నది ఒడ్డున తునికాకు కల్లంల ఉంటడు. ఆకు కట్టల ఎనక టెలిస్కోప్ రైఫిల్. సాయంత్రం డాక్టర్ సాబ్ వాకింగ్‌కు రాంగనే, ఖతం."

"దస్రు సామిల్లు అన్నడు," అన్నాడు మార్కు.

ప్రమీలారాణి అద్దాలు తీసింది. కళ్ళు నిజంగానే అందంగా ఉన్నాయి. "పానం పోయేటోడు ఏదన్నా అంటడు మార్కుగారూ. పాపం."

చీఫ్ ఫొటోలు రెండూ తీసి జేబులో పెట్టుకున్నాడు. "బంగళా దగ్గరున్న గార్డులందరినీ కల్లానికి పంపిస్తున్నాను. నేనూ అక్కడే ఉంటాను. మార్కూ, నువ్వు ఆ సామిల్లు ఒకసారి చూసి వచ్చెయ్."

ఒక ఫౌంటెన్ పెన్ను అతని జేబుకు తగిలించాడు. "కొత్త మోడల్. క్లిప్పు నొక్కితే పేలుతుంది. ఒకటే గుండు."

*

సామిల్లు గేటు బార్లా తెరిచి ఉంది. కరెంటు కోత వేళ, పనివాళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి తిండికి వెళ్ళారు. గుండ్రటి రంపం కింద ఒక టేకు దుంగ సగం కోసి ఉంది. ఆవరణలో వెదురు లారీ నిలబడి ఉంది. మార్కు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి వెంటనే తీసేశాడు. ఇంజను ఇంకా కాలుతోంది.

వెనక షెడ్డులో ఒక బల్ల, గోనెపట్టా చుట్టిన పట్టకారు, చేతి డ్రిల్లు ఉన్నాయి. బల్ల కింద గమేళాలో తెల్లటి పొడి. దస్రు చేతులకు అంటిన పొడి అదే. మార్కు గుప్పెడు తీసి చూశాడు. పొడి మధ్యలో చిన్న చిన్న ముక్కలు, సంకటి ఆరి గడ్డకట్టినట్టు గింజలు గింజలుగా ఉన్నాయి. ఎముక కాదు. ఫొటోలో దంతం గుర్తుకొచ్చింది. దాన్ని లోపలనుంచి తొలిచారు. చిన్నాచితకా తొలచడం కాదు, గమేళాలో సోలెడు పొడి ఉంది. అంత చోటు దేనికి కావాలి?

అప్పుడు కణతల దగ్గర నొప్పి మొదలైంది.

ఆ నొప్పి మార్కుకు కొత్త కాదు. తండ్రి తోమాసు బొగ్గు గనిలో మందుగుండు పెట్టే పని చేసేవాడు. జెలటిన్ కడ్డీలు చేత్తో ముట్టిన రోజు తలకు తువ్వాలు బిగించుకుని ఇంటికి వచ్చేవాడు. ఆయన చొక్కా ఉతికితే తల్లికీ తలనొప్పి వచ్చేది. ముగ్గిన అరటిపండులాంటి ఆ తీపి వాసన ఇప్పుడు షెడ్డు నిండా ఉంది. మూలన మైనపు కాగితాల చుట్టలు నలిపి పడేసి ఉన్నాయి.

కల్లంలో రైఫిలూ లేదు, షూటరూ లేడు. చావు దంతంలో ఉంది.

"ఏందిరో, ఆకు గుమస్తా, తొవ్వ తప్పినవా?"

గోపాలు తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు గనిలో పేలుళ్ళ పనివాడు, మందుగుండు దొంగిలించి పట్టుబడి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. నిండు దూలంలా ఉన్నాడు. చేతిలో వడ్రంగి బాడిస.

"వంతెన మీద పిలగాడిని నువ్వే కొట్టినవా?" అడిగాడు మార్కు.

"అవ్. మస్తు ఉరికిండు. లారీ కంటే ఎక్కువ ఉరుకుతదా సైకిలు?"

మార్కు గమేళా ఎత్తి పొడి అతని కళ్ళలో కొట్టాడు. గోపాలు గుడ్డిగానే బాడిస విసిరాడు. అది మార్కు ఎడమ అరచేతిని చీల్చి గుంజలో దిగింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని షెడ్డులోంచి మిల్లులోకి దొర్లారు. గోపాలు మోకాలు మార్కు పక్కటెముకల్లో దిగింది. ఏదో విరిగిన చప్పుడు మార్కుకు లోపలినుంచి వినిపించింది. తర్వాత రెండు చేతులు గొంతు మీద పడ్డాయి. మార్కు వీపు టేకు దుంగకు ఆనింది. కళ్ళముందు చీకట్లు కమ్ముతున్నాయి.

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది.

మిల్లువాళ్ళు స్విచ్ ఆపకుండా వెళ్ళారు. రంపం ఒక్కసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. గోపాలు తల తిప్పి చూశాడు. ఆ కాస్త వ్యవధిలో మార్కు రెండు కాళ్ళూ అతని కడుపులో పెట్టి బలమంతా కూడగట్టి తన్నాడు. గోపాలు వెనక్కి తూలి రంపం మీద పడ్డాడు. అరుపు ఎక్కువసేపు లేదు. రంపం చప్పుడు మాత్రం మారింది. చెక్క కోస్తున్నప్పటి చప్పుడు కాదది.

మార్కు పాకుతూ వెళ్ళి స్విచ్ ఆపాడు. అటు చూడకుండా లేచాడు.

"నా పని మీరే చేసిండ్రు మార్కుగారూ."

ప్రమీలారాణి గేటు దగ్గర నిలబడింది. చేతిలో చిన్న పిస్టల్ ఉంది. "వీని నోరు మూయాల్నని వచ్చిన. శ్రమ తప్పించిండ్రు. ఇప్పుడు మీదొక్కటే బాకీ."

"చచ్చేముందర సంతకం చేయాల్నా?" అన్నాడు మార్కు, జేబులోంచి పెన్ను తీస్తూ.

ఆమె నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకముందే క్లిప్పు నొక్కాడు. గుండు ఆమె కుడి భుజాన్ని చీల్చుకుని పోయింది. పిస్టల్ రంపపు పొట్టులో పడింది. ప్రమీలారాణి గేటుకు ఆనుకుని కిందికి జారింది. చిలకాకుపచ్చ చీర ఒకవైపు నల్లబడుతోంది.

మార్కు ఆమె పైటచెంగు చింపి భుజానికి చుట్టాడు. "దంతం ఎట్ల పేలుతది? చెప్తేనే ముడి ఏస్త."

ఆమె నెత్తురు చూసుకుంది, అతని మొహం చూసింది. బేరం తెలిసిన మనిషి. "వెండి మూత తిప్పి తీస్తే. ఇంక దేనికీ పేలది. కింద పడ్డా పేలది. మీ అసొంటోళ్ళు దాన్ని గోడకు తగిలేసుకుంటరు, నూరేళ్ళు ఏం కాదు. అసలు కలెక్టర్ ఒక్కడే మూత తీస్తడు. మొదలుకాడ, దంతం లోపల సంకటి లెక్క గింజ కనబడితే వాల్రస్, లేకుంటే నకిలీ. ఆ గింజ చూడకుంటే డాక్టర్ సాబ్‌కు నిద్ర పట్టది." పళ్ళు బిగించి ఊపిరి తీసుకుంది. "హాల్‌బర్గ్ దాన్ని ఈపాటికి ఆయన చేతుల పెట్టిండు. మీరు పోయినా దొరకదు."

"దస్రు పేరు వాళ్ళకు ఎవరు చెప్పిండ్రు?"

"నేనే."

మార్కు ముడి వేశాడు. కావలసిన దానికంటే కొంచెం గట్టిగా బిగించాడు. అంతే. ఆమెను దుంగకు కట్టేసి, మిల్లు ఆఫీసులో ఫోను ఎత్తాడు. కరెంటు వచ్చింది కాని ఫోను రాలేదు. తాను వచ్చిన జీపు వైపు పరుగెత్తాడు.

*

దుమ్ముగూడెం రోడ్డు పొడవునా ఆకు కూలీల బండ్లు అడ్డం వస్తూనే ఉన్నాయి. మార్కు ఒక్క చేత్తో స్టీరింగ్ తిప్పుతూ, ఇంకో చేత్తో పక్కటెముకలు అదిమిపట్టుకుని నడిపాడు. ఊపిరి తీసినప్పుడల్లా లోపల మేకు దిగుతున్నట్టుంది. ఒక్క దస్రు చాలు. ఇంకొకరు వద్దు. దారంతా అతని మనసులో ఉన్నది ఆ ఒక్క మాటే.

తెల్లదొరల కాలంలో కట్టిన రాతి బంగళా అది. ఆనకట్ట ఎగువన నీళ్ళు నిండుగా ఉన్నాయి. గేటు దగ్గర గార్డు లేడు, వరండా ముందు గార్డు లేడు. అందరూ కల్లంలో లేని షూటర్ కోసం ఆకు కట్టలు తిరగేస్తున్నారు. రేవులో ఒక లాంచి ఇంజను నడుస్తూ నిలబడి ఉంది.

డాక్టర్ వెంకటనారాయణ వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. దంతాన్ని పసిపిల్లను పడుకోబెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి ఓడబొమ్మ మీద, కుడిచెయ్యి వెండి మూత మీద ఉన్నాయి. మూత తిరుగుతోంది.

"సార్! చెయ్యి కదపొద్దు!"

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. చెయ్యి ఆగింది. "ఎవరయ్యా నువ్వు? ఆ నెత్తురేంటి? హాల్‌బర్గ్ కెమెరా తెస్తానని ఇప్పుడే లాంచి దగ్గరికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోపల గింజ చూద్దామని..."

"మీరు చూస్తరనే ఆయన పోయిండు సార్. దాంట్ల జెలటిన్ ఉంది. మూత వస్తే ఇద్దరం ఉండం."

మార్కు మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. మూత మరలన్నీ దాటి అంచు మీద ఉంది. సందులో వెంట్రుకంత తీగ బిగుసుకుని మెరుస్తోంది. తన అరచేతిని డాక్టరు చేతి కింద దూర్చి మూతను అదిమిపట్టాడు. చీలిన అరచెయ్యి అది. నెత్తురుకు వెండి జారుతోంది.

"ఇప్పుడు మీ చేతులు తీయుండ్రి. మెల్లగ. తీసి గోడ ఎనకకు పోండ్రి."

"మూత తీయకుండా అది వాల్రస్ అని ఎలా తెలుస్తుంది?" అన్నాడు డాక్టరు, సగం భయంతో, సగం నిజంగానే.

"పోండ్రి సార్!"

డాక్టరు లేచాడు. అంతలో మెట్ల దగ్గర బూట్ల చప్పుడైంది. హాల్‌బర్గ్ పైకి వచ్చాడు. పొడుగాటి మనిషి, నెరిసిన గడ్డం. పేలుడు వినబడక, సంగతేమిటో చూడటానికి వచ్చాడు. అతని చేతిలో ఉన్నది కెమెరా కాదు.

"దాన్ని కింద పెట్టు," అన్నాడు ఇంగ్లీషులో, పిస్టల్ మార్కు నుదుటికి గురిపెట్టి. "మెల్లగా. దానికి గీత పడకూడదు."

ఆ చివరి మాట మార్కు చెవిలో పడింది. లోపల మందు కూరి, మనిషిని చంపడానికి పంపిన వస్తువు అది. అయినా దానికి గీత పడకూడదట. పిస్టల్ పట్టుకున్న మనిషి కళ్ళు మార్కు మీద లేవు, దంతం మీద ఉన్నాయి. ముప్పై ఏళ్ళు అద్దాల బీరువాల మధ్య తిరిగిన మనిషి. ఇటువంటి వస్తువు ఎవరి చేతిలోంచైనా జారబోతే ఆ చేతులు వాటంతట అవే చాచుకుంటాయి. మందుగుండు గోపాలు పని. దంతం మాత్రం ఈయనది.

మార్కు మూతను అదిమిపట్టి లేచాడు. "తీస్కో మరి," అన్నాడు.

దంతాన్ని గాల్లోకి ఎత్తుగా, మెట్ల మీదుగా విసిరాడు.

హాల్‌బర్గ్ చేయవలసింది ఒక్కటే, పిస్టల్ పేల్చడం. ఆ పని చేయలేదు. నోటినుంచి చిన్న కేక వచ్చింది. పిస్టల్ రాతి మెట్ల మీద పడింది. రెండు చేతులూ చాపి, ఒక అడుగు వెనక్కి వేసి, దంతాన్ని పట్టుకున్నాడు. చక్కగా పట్టుకున్నాడు. కుడిచేతిలో దంతం, ఎడమచేతిలో వెండి మూత.

రెండూ వేరువేరుగా ఉన్నాయని ఆయన చూసుకునేంత వ్యవధి ఉందో లేదో మార్కుకు తెలియదు. అప్పటికే అతను డాక్టరును తోసుకుని రాతి గోడ వెనక పడ్డాడు.

బంగళా కిటికీ అద్దాలన్నీ లోపలికి వచ్చాయి. పెంకులు రాలాయి. కొంతసేపటిదాకా నీళ్ళలోకి ఏవేవో పడుతున్న చప్పుడు వినిపించింది.

*

కల్లం నుంచి గార్డులు పరుగెత్తుకొచ్చేసరికి లాంచి అవతలి ఒడ్డు దారి పట్టింది. ఇద్దరు గార్డులు పడవ తీసుకుని దాని వెనక వెళ్ళారు. మెట్ల మీద హాల్‌బర్గ్ అని గుర్తుపట్టడానికి బూట్లు తప్ప ఏమీ మిగల్లేదు.

చీఫ్ బసవపున్నయ్య మార్కు పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "ప్రమీలారాణి?"

"సామిల్లుల ఉంది సార్. కట్టేసిన."

"నమ్మింది నేను," అన్నాడు చీఫ్. "దస్రు వాళ్ళ అమ్మ దగ్గరికి ఎవరినైనా పంపాలి. యాక్సిడెంటు అనే చెప్పాలి మార్కూ. వేరే దారి లేదు."

"నేను పోత. నేనే చెప్త." మార్కు కుడిచేత్తో ఎడమచేతి కట్టు సర్దుకున్నాడు. "మంచి గుమస్తా అని చెప్త. చెప్పిన పని చెప్పినట్టు చేసిండని చెప్త. అది అబద్ధం కాదు."

చీఫ్ తల ఊపాడు. డాక్టర్ వెంకటనారాయణ ఒక అద్దం పగిలిన కళ్ళజోడుతో పెంకుల మధ్య వంగి దేనికోసమో వెతుకుతున్నాడు.

పేలుడు విని రోడ్డు మీంచి సైకిలు మీద ఒక ఫారెస్ట్ గార్డు వచ్చాడు. విరిగిన కిటికీలు చూశాడు, నెత్తురు చూశాడు, బూట్లు చూశాడు. చివరికి మెట్ల పక్కన బొటనవేలంత తెల్లటి ముక్క చూసి, వంగి తీసుకుని, ఎండకు పెట్టి పరీక్షగా తిప్పాడు.

"దంతం ఎవలది? పర్మిట్ ఏది?"

డాక్టరు ఒక్క ఉరుకున వచ్చి ఆ ముక్కను అతని చేతిలోంచి లాక్కున్నాడు. పగలని అద్దంలోంచి చూశాడు. ఆ మొహం వెలిగిపోయింది. "గింజ! ఇదిగో గింజ! ఏనుగు కాదు నాయనా, వాల్రస్. అసలు సిసలు వాల్రస్!"

"గవన్నీ ఆఫీసుకు వచ్చి చెప్పుండ్రి," అన్నాడు ఫారెస్ట్ గార్డు.

మార్కు జీపు ఎక్కాడు. విదేశీ రింగు గురించిగాని, రాకెట్ లోహం గురించిగాని, ఆ బంగళా మెట్ల మీద జరిగినదాని గురించిగాని ఎక్కడా ఒక్క అక్షరం నమోదు కాలేదు. ఆ రోజు దుమ్ముగూడెంలో నమోదైన కేసు ఒక్కటే, పర్మిట్ లేకుండా దంతం కలిగి ఉన్నందుకు డాక్టర్ వెంకటనారాయణ మీద.